ముందుకు వాలే కుర్చీ

ఇక్కడ ఐర్లండులో, లిమరిక్‌లో డిజైన్ చదవడానికి వచ్చిన మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. రెండోసారి పప్పుచారు పోసుకునేలోపే ఎవరో ఒకరు అడుగుతారు, "అంకుల్, మీరు చేసినవాటిలో బెస్ట్ ఏది?" అని. పేరు చెబితే బొమ్మ వెతుకుదామని ఫోను చేతిలో సిద్ధంగా ఉంటుంది. నేను చెప్పే కుర్చీకి బొమ్మ దొరకదు. అది మా కంపెనీ కేటలాగులోకి ఎక్కలేదు. చూడ్డానికీ అంత బాగుండదు. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయి అది బాత్రూము సామాననుకుంది.

ఆ కుర్చీ గురించి చెప్పాలంటే ముందు మా మాస్టారి గురించి చెప్పాలి.

ఆయన ఇటలీ ఆయన. మిలాన్‌కు ఉత్తరాన, ఇంటింటా వడ్రంగం చేసే ఊళ్ళో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి నూనూగు మీసాల వయసు. కుట్టుమిషన్ల కంపెనీలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, తర్వాత సొంత స్టూడియో పెట్టారు. టేబుల్ లైట్లు, రేడియోలు, ఒక టెలిఫోను, బోలెడన్ని కుర్చీలు గీశారు. అందులో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పత్రికల అట్టల మీదికెక్కి, అక్కణ్ణుంచి మ్యూజియాల్లోకి వెళ్ళింది. దాని మాటెత్తితే ఆయనకు చిరాకు. "అందులో పావుగంట కూర్చున్న మనిషిని నేనింతవరకు చూడలేదు" అనేవారు. చమురు ధరలు మండిపోయి ప్లాస్టిక్ ప్రియమైనప్పుడు ఆ కుర్చీ చేసే ఫ్యాక్టరీ మూతపడింది, దాంతోపాటే ఆయన స్టూడియో. అప్పుడు లిమరిక్, షానన్ మధ్య ఉన్న ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ కొంతకాలానికని పిలిస్తే వచ్చారు. పక్క ఊరు ఎన్నిస్‌లో ఒక టీచరమ్మను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత ఆయన చేసినవన్నీ పేరు వేసుకోని వస్తువులే. బడి కుర్చీలు, బస్‌స్టేషన్ బెంచీలు, చర్చి హాళ్ళలో వేసే మడత కుర్చీలు. ఈ దేశంలో ఒక వయసు దాటినవాళ్ళు చాలామంది ఆయన కుర్చీలో కూర్చునే ఎక్కాలు తప్పు చెప్పి ఉంటారు.

ఆ ఫ్యాక్టరీలోనే నాకు ఉద్యోగం దొరికింది. మా ఆవిడ నర్సు. తనకు ఇక్కడి ఆస్పత్రిలో పోస్టు వచ్చి ముందు వచ్చింది. హైదరాబాదులో స్టీలు ఫర్నిచర్ కంపెనీలో డిజైనరు ఉద్యోగం మానేసి, పాపను చంకనెత్తుకుని నేను వెనకాల వచ్చాను. అప్పటికే మాస్టారు రిటైరయ్యారు, సలహాలివ్వడానికి వారానికోసారి వచ్చేవారు. ఎంతో ముచ్చటపడి వేసిన నా మొదటి డ్రాయింగు చూసి, "ఎవరికిది?" అన్నారు.

"ఆఫీసులకండీ."

"ఆఫీసుకి ముడ్డి ఉండదు. కూర్చునే మనిషెవరు?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఆయన ముందు మళ్ళీ డ్రాయింగు పెట్టలేదు.

మహమ్మారి వచ్చేనాటికి నాకు అరవై దాటాయి. లాక్‌డౌన్ ప్రకటించగానే ఫ్యాక్టరీకి తాళం పడింది. మా ఆవిడ మాత్రం రోజూ డ్యూటీకి వెళ్ళేది. డ్యూటీ దిగి వచ్చి, పెరటి వైపు నుంచి లోపలికొచ్చి, స్నానం చేసి, విడిగా వెనక గదిలో ఉండేది. నేను పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వరండాలో కూర్చునేవాణ్ణి. తలుపు కొంచెం తెరిచి మాట్లాడుకునేవాళ్ళం.

ఒకరోజు తను అన్నం ముట్టుకోలేదు. వార్డులో ఒక పెద్దాయన, పశువులు పెంచే రైతు, పడుకుంటే ఊపిరి అందక ఎప్పుడూ మంచం అంచున కూర్చుని భోజనం బల్ల మీదికి వాలిపోయి ఉండేవాడట. ఆ బల్లకేమో చక్రాలు. ఆయన బరువుకు అది ముందుకు జారింది. మా ఆవిడ పక్కనే ఉండబట్టి పట్టుకుంది.

"దిండ్లమీద దిండ్లు పేర్చి నిలబెడుతున్నామండీ. అవి జారిపోతాయి. మళ్ళీ పేరుస్తాం. ఒక్కొక్కళ్ళకి ఒక్కో మనిషి కావాలి, మేమున్నదే గుప్పెడుమందిమి" అంది. తలుపు సందులోంచి నా వంక చూసింది. "ఏమండీ, ఇన్నేళ్ళు కుర్చీలే చేశారు గదా. వెనక్కి వాలేవేనా అన్నీ? ముందుకు వాలే కుర్చీ ఒక్కటంటే ఒక్కటి లేదా?"

లేదు. ఆలోచిస్తే నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ మధ్యాహ్నమే మా ప్రొడక్షన్ మేనేజరుకు ఫోన్ చేశాను. లిమరిక్ ఆవిడ, మాట గట్టిది, చెయ్యి ఇంకా గట్టిది. తన అమ్మ ఒక వృద్ధాశ్రమంలో ఉంటే కిటికీ అద్దంలోంచి చూసి వస్తున్న రోజులవి. నేను సగం చెప్పేసరికే, "తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వెల్డరుని నేను పిలుస్తాను. నువ్వు డ్రాయింగు పట్టుకురా" అంది. ఆస్పత్రి పరికరాలు చేసేవాళ్ళకు ఉన్న సడలింపు కింద అనుమతి కూడా ఆమే సంపాదించింది.

మొదటి కుర్చీ తొందరగానే తయారైంది. షాపింగ్ సెంటర్లలో మసాజు చేసేవాళ్ళు వాడే కుర్చీ చూశారా, అలాంటిది. ఛాతీకి, పొట్టకు ఆనుకునేలా ఒక మెత్తటి పలక, పైన నుదురు ఆనడానికి దిండు. మేం ముగ్గురం దాన్ని చూసుకుని మురిసిపోయాం. వ్యానులో వేసుకుని ఆస్పత్రి కార్ పార్కుకు తీసుకెళ్తే, శ్వాస వ్యాయామాలు చూసే ఫిజియో అమ్మాయి మాస్కుతో బయటికొచ్చి అందులో కూర్చుంది. ఐరిష్‌వాళ్ళ మర్యాద మీకు తెలుసుగా. ముందు "గ్రాండ్" అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బ్రహ్మాండమనీ కావచ్చు, ఇక చాలు తీసుకుపొమ్మనీ కావచ్చు. అది రెండోదని ఆమె లేచిన తీరులోనే తెలిసింది.

"నా ఊపిరి బాగున్నప్పుడే పొట్ట మీద ఇంత బరువుగా ఉంది. వాళ్ళు ఊపిరి తీసుకునేదంతా పొట్టతోనే. ఇందులో కూర్చోబెడితే ఉన్న కాస్తా పోతుంది" అంది మెల్లగా.

ఇంటికొచ్చాక మా ఆవిడ అంత మర్యాదేమీ పాటించలేదు. "ఊపిరాడనోళ్ళని బల్లకేసి నొక్కుతారా ఎవరన్నా?" అంది.

పలక పైకి జరిపాను, కిందికి జరిపాను, చిన్నది చేశాను. ఎలా చేసినా పొట్టకు అడ్డమే. చివరికి మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆయనకు తొంభై దగ్గర పడుతున్నాయి. భార్య పోయాక ఎన్నిస్ పొలిమేరలో చిన్న ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. చిన్నప్పటి నుంచి పీల్చిన రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లో ఉండిపోయి, నాలుగడుగులేస్తే ఆయాసం. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదని ప్రభుత్వం చెప్పిన రోజులు. చెప్పిందంతా విని, "ఫోనులో కుర్చీ కనిపించదు. పట్టుకురా" అని పెట్టేశారు.

దారిలో గార్డులు ఆపారు. ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. కుర్రాడు వ్యానులోకి తొంగిచూసి, అదేమిటని అడిగాడు.

"కుర్చీ."

"అందులో ఎటు తిరిగి కూర్చోవాలి?"

"అది కనుక్కోవడానికే వెళ్తున్నాను" అన్నాను. కాగితాలు చూసి పంపించేశాడు.

మాస్టారు వంటింటి కిటికీ తెరుచుకుని లోపల కూర్చున్నారు. నేను పెరట్లో, సన్నటి తుంపరలో, కుర్చీ దింపాను. ఆయన దానివైపు చూసి, తర్వాత నా వైపు చూసి, ఇంటి వెనక మట్టిదిబ్బ మీదికెళ్ళే దారి చూపించారు.

"పరుగెత్తు."

"మాస్టారూ, నాకు అరవై దాటాయి."

"మంచిదేగా. త్వరగా ఆయాసం వస్తుంది."

పరుగెత్తాను. పైదాకా వెళ్ళి వచ్చేసరికి గుండె నోట్లోకొచ్చింది. అలాగే కూర్చోమన్నారు. నా కుర్చీలో నేనే కూర్చున్నాను. పలక పొట్టకు తగలగానే ఎవరో బిగించి పట్టుకున్నట్టయింది. ఒక్క నిమిషం కూడా ఉండలేక లేచిపోయాను. నేను గీసింది నన్నే తోసేసింది.

ఆయన నవ్వలేదు. "మళ్ళీ వెళ్ళు" అన్నారు. రెండోసారి రొప్పుతూ వచ్చాక, పెరట్లో ఉన్న తోపుడుబండి అంచు చూపించి, దానిమీద కూర్చుని మోచేతులు కిటికీ గట్టు మీద పెట్టమని, తను లోపల గది చివరికి జరిగారు. బండి ముందుకు వాలి ఉంది. మోకాళ్ళు తుంటి కంటే కిందికున్నాయి. చేతుల మీద బరువు పడగానే భుజాలు వదులయ్యాయి, పొట్ట ఖాళీలోకి వేలాడింది. ఊపిరి తనంతట తాను వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. నీ పొట్ట ముందు ఏముంది?" గది చివర్నుంచి అడిగారు.

"ఏమీ లేదు."

"ఆ ఏమీ లేనిదే గీయి."

ఆ రోజే ఆయన తన మొదటి ఉద్యోగం గురించి చెప్పారు. కుట్టుమిషన్ల కంపెనీలో ఆయన్ను మిషన్ రూపం గీయడానికి తీసుకున్నారు. ఆ మిషన్లు పరీక్షించడానికి వరసగా కూర్చుని కుట్టే ఆడవాళ్ళు సాయంత్రానికి ఎందుకంత అలసిపోతున్నారో చూద్దామని ఆయన వాళ్ళ పక్కనే వారాల తరబడి కూర్చున్నారు. వంగి కుట్టడంతో పొట్ట నొక్కుకుపోయి వాళ్ళు పై పైనే ఊపిరి తీసుకునేవాళ్ళు. సీటు ముందుకు వంచి ఒక స్టూలు చేశారు. జారకుండా గుర్రపు జీనులా మధ్యలో కాస్త లోతు పెట్టారు. దానికెవరూ ఫోటో తీయలేదు, కానీ సెలవుపెట్టి వెళ్ళే ఆడవాళ్ళు తిరిగొచ్చేవరకు ఇంకొకరు కూర్చోకుండా స్టూలు దాచుకునేవాళ్ళట.

"ఎర్ర కుర్చీకి అలాంటి గొడవ ఎప్పుడూ రాలేదు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

ఫ్యాక్టరీకి తిరిగొచ్చి మొదటి కుర్చీని రంపంతో కోసేశాం. కొత్త స్టీలు గొట్టాలు వచ్చే దారి లేదు. గోదాము వెనక పాత బడి కుర్చీల చట్రాలు గుట్టగా పడి ఉన్నాయి, మాస్టారు గీసినవే. వెల్డరు వాటినే కోసి అతికించాడు. జీను లాంటి సీటు, మోచేతులకు వెడల్పాటి బల్ల, నుదురు ఆనడానికి ఒక దిండు, మధ్యలో ఖాళీ. ఇక మిగిలింది ఒరిగిపోవడం. మనిషి బరువంతా ముందుకు పడుతుంది కాబట్టి కింది కాళ్ళు ఇంకా ముందుకు చాచాలి. చాస్తే నర్సుల పాదాలకు తగులుతాయి. వెల్డరు కూర్చుంటాడు, మేనేజరు తోస్తుంది, నేను కొలతలు వేస్తాను. ఒరిగిన ప్రతిసారీ అతను బూతులు తిడతాడు, మళ్ళీ కోస్తాడు. ఎంతమంది ఎన్ని వైపుల నుంచి తోసినా అది కదలని రోజు వచ్చేదాకా అదే పని.

ఆ రోజు వచ్చింది, వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. కంపెనీ యజమానులు వేరే దేశంలో ఉంటారు. సంగతి తెలిసి కంప్యూటర్ తెర మీద మీటింగు పెట్టారు. పరీక్షలకు ప్రయోగశాలలన్నీ మూసి ఉన్నాయి, ఎవరైనా పడితే బాధ్యతెవరిది, ఆపేయండి అన్నారు. వాళ్ళ మాట తప్పని నేననను. నేను ఆ కుర్చీలో కూర్చునే మాట్లాడాను. ఆస్పత్రి పరికరాల విభాగమే పరీక్షిస్తుందని, నర్సు పక్కనుండగానే వాడతారని, వాళ్ళు అంగీకరించకపోతే తిరిగి తెచ్చేస్తామని చెప్పాను. మా మేనేజరు మైకు ముందుకు వంగింది.

"రేపు పొద్దున వ్యాను వెళ్తుంది. ఆపదలచుకుంటే ముందు నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి. వ్యాను తాళాలెక్కడున్నాయో తర్వాత వెతుక్కోండి."

ఎవరూ ఏమీ అనలేదు. మేం దాన్నే అనుమతి అనుకున్నాం.

మర్నాడు ఆస్పత్రివాళ్ళు దాన్ని తోసి, ఊపి, మందు నీళ్ళతో తుడిచి, గంటలకొద్దీ పరీక్షించి లోపలికి తీసుకెళ్ళారు. మాకు లోపలికి ప్రవేశం లేదు. నేనూ మేనేజరూ కార్ పార్కులో దూరందూరంగా నిలబడ్డాం. ఆమె ఫ్లాస్కులో టీ పోసుకుంది, తాగలేదు. చాలాసేపటికి మా ఆవిడ పక్క తలుపు దగ్గరికొచ్చి ఫోన్ చేసింది. నిలువెల్లా ప్లాస్టిక్ గౌను, ముఖం కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తోంది.

"ఒక బస్సు డ్రైవర్ని కూర్చోబెట్టామండీ. భారీ మనిషి. ఎక్కేటప్పుడు భయపడ్డాడు. చేతులు పెట్టి వాలాక..."

"వాలాక?"

"ఆక్సిజన్ అంకె కాస్త కాస్త పైకొచ్చింది. ఇప్పుడు గురక పెడుతున్నాడు. రెండ్రోజుల నుంచి నిద్రలేదు ఆ మనిషికి. ఇంకెన్ని చేయగలరో అడగమంటోంది ఫిజియో."

మేనేజరుకు తెలుగు రాదు. నా ముఖం చూసి కారు వైపు పరుగెత్తింది. "బడి కుర్చీలు ఇంకా ఎన్ని ఉన్నాయో చూడాలి" అని అరుస్తూనే ఉంది.

చట్రాలు అయిపోయేదాకా చేశాం. ఆ తర్వాత చుట్టుపక్కల బళ్ళ నుంచి పాతవి అడిగి తెచ్చి చేశాం. గాల్వే ఆస్పత్రుల దాకా వెళ్ళాయి. అందులో కూర్చున్నవాళ్ళందరూ ఇళ్ళకు వెళ్ళారని చెప్పను, వెళ్ళలేదు. పడబోతుంటే మా ఆవిడ పట్టుకున్న ఆ రైతు కుర్చీ రాకముందే పోయాడు. బస్సు డ్రైవరు మాత్రం బతికి బయటపడ్డాడు.

ఆ చలికాలం జబ్బు నాకే వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, మా ఆవిడకు రాలేదు. అంబులెన్సులో తీసుకెళ్ళారు. వార్డులో మూల నా కుర్చీ. కూర్చోబెట్టారు. మీకు అబద్ధం చెప్పను, ఊపిరికి అది అమృతం. చేతుల మీద వాలగానే లోపల బిగుసుకున్నదేదో వదిలేది. ఆ మేరకు పని సరిగ్గానే చేశాం.

కానీ నుదురు దిండుకు ఆనించాక కనిపించేది నేల. బూడిదరంగు లినోలియం, దానిమీద మంచం చక్రం ఒకటి. తలుపు చప్పుడైతే ఎవరొచ్చారో తెలియదు. పక్కన నీలం చెప్పులు వచ్చి నిలబడతాయి, ఏదో సూది గుచ్చుతాయి, వెళ్ళిపోతాయి. అవి మా ఆవిడవో కావో గొంతు వినేదాకా తెలిసేది కాదు. పగలంతా చక్రం వైపే చూస్తూ, మరణం కూడా ఇలాగే చప్పుడు లేని చెప్పులతో వస్తుందేమో అనుకునేవాణ్ణి. ఇన్ని నెలలు ఇంతమంది ఇందులో కూర్చున్నారు, ఒక్కరూ చెప్పలేదేమిటా అనిపించింది. ఎలా ఉందని మా ఫిజియో అడుగుతూనే ఉంది. ఊపిరి అందనివాళ్ళు ఒక్క మాటకు మించి మాట్లాడలేరు. ఆ ఒక్క మాటా "గ్రాండ్".

బాగయ్యాక మాస్టారికి చెప్పాలి, ఆయన్నే అడగాలి అనుకున్నాను. నేను వార్డులో ఉండగానే ఆయన తన ఇంట్లో, నిద్రలో పోయారు. అంత్యక్రియలకు పదిమందికి మించి రాకూడదు. నేను మంచం మీద ఫోనులో చూశాను. చర్చి కెమెరా ఎక్కడో పైన వెనకాల ఉంది. నడినెత్తులు, కోట్ల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. శవపేటిక బయటికి వెళ్తుంటే మాత్రం తలుపు తెరుచుకుని, దూరంగా రోడ్డుకు రెండు వైపులా మనుషులు ఎడమెడంగా వరసలు కట్టి నిలబడి ఉండడం కనిపించింది. వాళ్ళందరికీ ఆయన ఎవరో తెలుసో లేదో. కళ్ళనీళ్ళు కారాయి. ఆయాసం వచ్చింది. మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు. మళ్ళీ అదే నేల.

ఇక అడగడానికి ఎవరూ లేరు. అక్కడ కూర్చునే మనసులో గీయడం మొదలుపెట్టాను. నుదురు ఆనించే దిండు తీసేయాలి. చెంప ఆనించేలా ఒంపు ఉండాలి, కుడికీ ఎడమకూ, ఎటు కావాలంటే అటు. చెవి నలగకూడదు, ఆక్సిజన్ గొట్టానికి దారి ఉండాలి. చేతుల బల్ల నడుమ కోసి కాస్త పైకి లేపితే తల ఎత్తినప్పుడు చూపు సూటిగా పోతుంది. దిండు బదులు నా అరచేయి పెట్టుకుని, చెంప దాని మీద ఆనించి, ఎంత ఒంపైతే తలుపు కనిపిస్తుందో చూసుకున్నాను. నర్సులు నేను నొప్పితో చేయి అడ్డం పెట్టుకున్నాననుకున్నారు.

ఇంటికి పంపాక నడవడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. మా ఆవిడ విశ్రాంతి తీసుకోమంది, అమ్మాయి ఇంగ్లీషులో తిట్టింది. మేనేజరు మాత్రం, "నువ్వు కూర్చుని చెప్పు, మేం కోస్తాం" అని కారు పంపింది. ఆ వసంతంలో పాత కుర్చీలన్నీ ఒక్కొక్కటే తిరిగి తెప్పించి దిండ్లు మార్చాం. యజమానులు ఈసారి మీటింగు పెట్టలేదు. అదే నా ఆఖరి పని. అది పూర్తయ్యాకే రిటైరయ్యాను.

మార్చిన మొదటి కుర్చీ వార్డులోకి వెళ్ళిన మర్నాడు మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, అప్పటికి టీకాలు పడి వెనక గదిలో ఉండే అవసరం లేదు గనక, తిన్నగా వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"కొత్త పేషెంటండీ, పెద్దావిడ. మీ కుర్చీలో ఉంది. నేను తలుపు తీసీ తీయకముందే చెయ్యి ఊపింది."

"నువ్వు తెలుసా ఆవిడకి?"

"నన్నెప్పుడు చూసింది ఆవిడ? ఎవరో ఒకరు వస్తున్నారని ఊపింది, అంతే" అంది మా ఆవిడ. "నేనూ ఊపాను."